నాన్సీ స్కూల్ నిజంగా ఒక స్కూలేనా? హిప్నోథెరపీ నేర్పిన చోట్ల కథ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కౌన్సెలింగ్‌లో పీజీ చేశారు, హిప్నోథెరపీ నేర్పే ఒక స్కూల్లో చేరాలనుకుంటున్నారు, వాళ్ళ బ్రోచర్‌లో "నాన్సీ స్కూల్ సంప్రదాయం" అని గొప్పగా రాసి ఉంది. ఆ నాన్సీ స్కూల్ ఏమిటి, ఇలా హిప్నోథెరపిస్టులను తయారుచేసే స్కూళ్ళు ఎక్కడ మొదలయ్యాయి, ఈ చరిత్ర తెలిస్తే స్కూల్ ఎంచుకోవడానికి ఏమైనా పనికొస్తుందా అని.

సూటిగా చెప్పేస్తాను. నాన్సీ స్కూల్ అంటే అడ్మిషన్, ఫీజు, సర్టిఫికెట్ ఉన్న కాలేజీ కాదు. ఫ్రాన్స్‌లోని నాన్సీ ఊళ్ళో ఒక పేదల డాక్టర్ గారి క్లినిక్, అదే ఊళ్ళో ఒక ప్రొఫెసర్ గారి హాస్పిటల్ వార్డు, అంతే. యూరప్ నలుమూలల నుంచి డాక్టర్లు వచ్చి, పక్కన నిలబడి చూసి, నేర్చుకుని వెళ్ళారు. ఫీజు కట్టి, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి చేరే స్కూల్ దానికి వందేళ్ళ ముందే, 1783లో, పారిస్‌లో ఉంది. డాక్టర్ కానివాళ్ళు కూడా కోర్సు చేసి "హిప్నోథెరపిస్ట్" అని బోర్డు పెట్టుకునే ఇప్పటి తరహా స్కూళ్ళు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పుంజుకున్నాయి.

ఇక ఉపయోగం సంగతి. తప్పకుండా ఉంది. ఒక మనిషిని హిప్నటైజ్ చేయడం, అంటే మాటలతో మగత లాంటి ఏకాగ్ర స్థితిలోకి (ట్రాన్స్‌లోకి) తీసుకెళ్ళడం, నేర్పడం ఏ కాలంలోనూ కష్టం కాలేదు. ఎవరికి నేర్పాలి, ఎవరి ముందు నిలబెట్టి నేర్పాలి అనే దగ్గరే ప్రతి స్కూలూ తేలిపోయింది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. దీర్ఘకాలపు నొప్పులు, పేగుల సమస్యలు, ఫోబియాల్లో హిప్నాసిస్ వాడతాను, కొత్తగా నేర్చుకున్నవాళ్ళ కేసులకు సూపర్‌విజన్ చేస్తాను, అంటే వాళ్ళ సెషన్లు చూసి తప్పులు చెబుతాను. కాబట్టి ఈ రెండు ప్రశ్నల వైపు నుంచే చరిత్ర చెబుతాను, మిగతావి పుస్తకాల్లో దొరుకుతాయి.

పైన చెప్పిన 1783 స్కూల్ ఫ్రాంజ్ మెస్మర్ అనే డాక్టరుది. ఆయన 1778లో వియన్నా వదిలి పారిస్ చేరాడు. ఒంట్లో కంటికి కనపడని ఒక ద్రవం సరిగా పారకపోవడమే జబ్బు అని, తన చేతులతో దాన్ని సరిచేయగలనని ఆయన నమ్మకం. రోగులు విరగబడి వచ్చారు గానీ పండితుల గుర్తింపు రాలేదు. అప్పుడు నికోలా బెర్గాస్ అనే లాయరు, కోర్న్‌మన్ అనే బ్యాంకరు కలిసి ఆయన విద్యను నేర్పడానికి విశ్వ సామరస్య సంఘం అని ఒకటి పెట్టారు. చేరడానికి 100 లూయీ బంగారు నాణేలు, అంటే 2,400 లివ్రలు కట్టాలి. రహస్యం బయటపెట్టనని, మెస్మర్ అనుమతి లేకుండా ఇంకొకరికి నేర్పనని రాసివ్వాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ లాంటి పెద్దవాళ్ళు కూడా చేరారు. ఆయనైతే 1784లో జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాసి మరీ ఈ విద్యను పొగిడాడు.

అదే ఏడాది రాజు నియమించిన సంఘం, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోజియే ఉన్నారు, కళ్ళకు గంతలు కట్టి పరీక్షలు పెట్టి ఆ ద్రవమేదీ లేదని, పనిచేస్తున్నది ఊహ అని తేల్చింది. ఒక చిత్రం ఏమిటంటే వాళ్ళు పరీక్షించింది మెస్మర్‌ను కాదు, ఆయనతో విడిపోయి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న డెస్లాన్‌ను. శిష్యుడు చేసినదానికి నా బాధ్యత లేదు అన్నాడు మెస్మర్. 1785 నాటికి స్కూల్ లోపల కూడా గొడవ వచ్చింది. మాట ఇచ్చినంత డబ్బు పోగైంది కదా, ఇక ఈ విద్యను లోకానికి చెప్పేయండి అన్నారు బెర్గాస్ వర్గం. మెస్మర్ ఒప్పుకోలేదు. స్కూల్ చీలిపోయింది.

ఈ పద్ధతికి ఇప్పటికీ వారసులున్నారు. ఒక మాస్టర్ పేరు మీద ట్రేడ్‌మార్క్, మొదటి లెవల్, రెండో లెవల్, పై లెవల్లో మాత్రమే చెప్పే రహస్యం, "మా అనుమతి లేకుండా నేర్పరాదు" అనే షరతు. ఇవి కనిపించగానే నాకు 1783 గుర్తొస్తుంది.

మెస్మర్ శిష్యుల్లోనే ఒకాయన దారి వేరు. ప్యూసెగ్యూర్ సైన్యంలో ఫిరంగి దళం ఆఫీసరు, జమీందారు. తన ఊళ్ళో విక్టర్ రాస్ అనే రైతు కుర్రవాడిని 1784లో ట్రాన్స్‌లోకి తీసుకెళ్ళినప్పుడు, మెస్మర్ దగ్గర జరిగినట్టు ఫిట్స్ లాంటివి రాలేదు. ఆ కుర్రవాడు నిద్రపోతున్నట్టు ఉండి మాట్లాడాడు, లేచాక ఏమీ గుర్తులేదన్నాడు. హిప్నాసిస్ అనగానే ఈ రోజు మనకు మెదిలే బొమ్మ అక్కడ పుట్టింది. 1785లో స్ట్రాస్‌బర్గ్‌లో ప్యూసెగ్యూర్ ఒక సంఘం పెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. రోగుల దగ్గర డబ్బు తీసుకోలేదు. ఎవరిని ఎవరు చూశారు, ఏం జరిగింది అని కేసుల నివేదికలు అచ్చువేశారు. కొన్నేళ్ళలోనే సభ్యులు రెండు వందలు దాటారు. 1789 ఫ్రెంచ్ విప్లవం అన్నిటితో పాటు దాన్నీ తుడిచిపెట్టింది. నా దృష్టిలో ఇది మెస్మర్ స్కూల్ కంటే ఎన్నో రెట్లు నిజమైన స్కూల్. కేసులు రాసి బయటపెట్టడం అలవాటైన చోట అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు.

గోవాలో కందోళిం ఊరివాడైన అబే ఫారియా గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1813లో పారిస్‌లో ఆయన బహిరంగంగా పాఠాలు చెబుతూ, ద్రవమూ లేదు, నా చేతిలో శక్తీ లేదు, ట్రాన్స్‌లోకి వెళ్ళేది మీరే, మీ ఏకాగ్రతే అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి "నిద్రపో" అని ఆజ్ఞాపించడం ఆయన పద్ధతి. అప్పట్లో ఎగతాళి చేశారు, 1819లో పేదరికంలో పోయాడు. నాన్సీ వాళ్ళు డెబ్బై ఏళ్ళ తర్వాత చెప్పిన మాటలో సగం ఈయన ముందే చెప్పాడు.

ఇంకోటి, మన దేశంలోనే జరిగింది, శిక్షణ చరిత్రలో ఎవరూ ప్రస్తావించరు. జేమ్స్ ఎస్డేల్ అనే స్కాటిష్ సర్జన్ 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో మెస్మరిజంతో నొప్పి తెలియకుండా ఆపరేషన్లు మొదలుపెట్టాడు. 1846లో ప్రభుత్వం కలకత్తాలో ఏడాది ప్రయోగానికి ఒక హాస్పిటల్ ఇచ్చింది. ఒక్కో రోగిని గంటల తరబడి చేతులు ఆడిస్తూ ట్రాన్స్‌లోకి తీసుకెళ్ళాలి. అది డాక్టర్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని హాస్పిటల్లోని స్థానిక సహాయకులకు నేర్పి, వాళ్ళచేత చేయించాడు. పేరు ఎస్డేల్‌ది, గంటల పని వాళ్ళది. ఈథర్, క్లోరోఫామ్ వచ్చేసరికి ఈ కష్టమంతా అక్కర్లేకుండా పోయింది.

ఇప్పుడు నాన్సీ.

ఆంబ్రువాజ్ లియేబో రైతు కుటుంబంలో పుట్టిన పల్లెటూరి డాక్టరు. 1860లలో నాన్సీ చేరాడు. మందులతో వైద్యం కావాలంటే మామూలు ఫీజు, హిప్నాసిస్ అయితే ఉచితం అని రోగులకు చెప్పేవాడట. పేదవాళ్ళు రెండోది ఎంచుకోక ఏం చేస్తారు? అలా ఆయనకు అనుభవం కొండలా పోగైంది. 1866లో పుస్తకం రాశాడు. ఏళ్ళ తరబడి ఒక్క ప్రతే అమ్ముడైందని చెప్పుకుంటారు. ఆయన క్లినిక్ చూసినవాళ్ళు రాసినదాన్ని బట్టి అది సున్నం కొట్టిన గోడలున్న పాత షెడ్డు లాంటి గది. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా పాతిక నుంచి నలభై మంది రోగులు. ఒకరి వైద్యం జరుగుతుంటే మిగతావాళ్ళు అక్కడే కూర్చుని చూస్తుంటారు. లియేబో రోగిని తన కళ్ళలోకి చూడమని, రెప్పలు బరువెక్కుతున్నాయని మెల్లగా చెప్పి, ఆ మగతలోనే "నొప్పి తగ్గిపోతుంది, ఆకలి వేస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది" అని చెప్పేవాడు. కొద్ది నిమిషాల్లో అయిపోయేది. నాటకం లేదు.

ఈ గది శిక్షణకు ఎందుకు బాగా పనిచేసిందో ఆలోచించండి. వచ్చిన కొత్త డాక్టరు ఒక్క పూటలో ముప్పై మందిని చూస్తాడు. ఇద్దరు వెంటనే గాఢంగా వెళ్ళిపోతారు, చాలామంది మధ్యలో ఉంటారు, కొందరికి ఏమీ కాదు. ఏమీ కానివాళ్ళను కూడా చూడటం అసలు చదువు. వీడియోల్లో నేర్చుకున్నవాళ్ళకు దొరకనిది ఇదే, ఎందుకంటే పనిచేయని సెషన్‌ను ఎవరూ వీడియోగా పెట్టరు. ఇంకో విషయం, క్యూలో కూర్చున్న రోగి తన వంతు వచ్చేలోపే సగం సిద్ధమైపోతాడు. ఆ గది వాతావరణమే సజెషన్, అంటే మనసు మీద పనిచేసే సూచన.

ఈ పల్లెటూరి వైద్యుణ్ని ప్రపంచానికి చూపించింది హిప్పోలిత్ బెర్న్‌హైమ్. మెడిసిన్ ప్రొఫెసర్, అల్సాస్ జర్మనీ చేతికి పోయాక స్ట్రాస్‌బర్గ్ నుంచి నాన్సీకి వచ్చినవాడు. 1882లో లియేబో క్లినిక్‌కు అనుమానంతోనే వెళ్ళాడు, చూసి తన హాస్పిటల్ వార్డులో మొదలుపెట్టాడు. 1884లో, 1886లో ఆయన పుస్తకాలు వచ్చాయి. ఆయన వాదన తేలిక మాటల్లో: హిప్నాసిస్ జబ్బు కాదు, ప్రత్యేకమైన నాడీ స్థితి కాదు, సూచనకు లోబడే గుణం అందరిలో ఉంటుంది, దాన్ని వైద్యానికి వాడుకోవచ్చు. వీళ్ళిద్దరికీ తోడు ఫిజియాలజీ ప్రొఫెసర్ బోనీ, లా ప్రొఫెసర్ లియెజువా. ఈ నలుగురూ కలిస్తే నాన్సీ స్కూల్. లియెజువాకు ఒకటే పట్టు: హిప్నటైజ్ చేసి నేరం చేయించవచ్చా? అబద్ధపు విషాలతో, ఉత్తుత్తి ఆయుధాలతో ప్రయోగాలు చేసి చేయించవచ్చన్నాడు. అవి ఉత్తుత్తివేనని ఆ మనిషి మనసులో ఏ మూలో తెలిసే ఉంటుంది కదా అని విమర్శకులు అప్పుడే అన్నారు. నాకూ వాళ్ళ మాటే సబబనిపిస్తుంది.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ జాబితా చూస్తే ఆ ఊరి ప్రాధాన్యం అర్థమవుతుంది. జ్యూరిక్ మానసిక వైద్యశాల అధిపతి ఫోరెల్ 1887లో వచ్చాడు. అదే ఏడాది డచ్ డాక్టర్లు వాన్ రెంటర్‌గెమ్, వాన్ ఈడెన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత క్లినిక్ తెరిచారు. దానికి తర్వాత లియేబో పేరే పెట్టారు. 1889 వేసవిలో ఫ్రాయిడ్ వచ్చాడు, అప్పటికే ఆయన బెర్న్‌హైమ్ పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించాడు. ఫ్రాయిడ్ తర్వాత రాసుకున్న ఒక మాట నేను ట్రైనీలకు ఎప్పుడూ చెబుతాను. తన గొప్ప విజయాలన్నీ హాస్పిటల్ రోగుల్లోనే, ప్రైవేటు రోగుల్లో అలా రావని బెర్న్‌హైమే దాచకుండా ఒప్పుకున్నాడట. కారణం ఊహించడం కష్టం కాదు. వార్డులో పడుకున్న కూలివాడి ముందు ప్రొఫెసర్ మాటకు ఉండే బరువు, ఫీజు కట్టి ఎదురుగా కుర్చీలో కూర్చున్న ధనవంతుడి ముందు ఉండదు. మాట వినడం అలవాటైన పాత సైనికులు, ఫ్యాక్టరీ కార్మికులు తేలిగ్గా ట్రాన్స్‌లోకి వెళ్తారని బెర్న్‌హైమే గమనించాడు. మీరు ప్రాక్టీసు పెట్టాక వచ్చేది రెండో రకం మనుషులు. వాళ్ళతో ఆజ్ఞ పనిచేయదు, సంభాషణ కావాలి.

పారిస్‌లో షార్కో నడిపిన సాల్‌పెత్రియేర్ హాస్పిటల్ ఇందుకు పూర్తిగా ఎదురు దిక్కు. షార్కో గొప్ప న్యూరాలజిస్టు, సందేహం లేదు. కానీ హిప్నాసిస్ హిస్టీరియా (శరీరంలో కారణం కనపడకుండా ఫిట్స్, పక్షవాతం లాంటివి వచ్చే జబ్బుకు అప్పటి పేరు) ఉన్నవాళ్ళకే వస్తుందని, దానికి మూడు దశలు ఉంటాయని 1882లో సైన్స్ అకాడమీకి చెప్పాడు. ఆ దశలు వాళ్ళ హాస్పిటల్లోని కొద్దిమంది రోగుల్లోనే అంత శుభ్రంగా కనిపించేవి. కారణం, అసిస్టెంట్లు వాళ్ళను ముందే పదేపదే హిప్నటైజ్ చేసి అలవాటు చేశారు, వాళ్ళ ముందే దశల గురించి చర్చించారు. పెద్దాయన వేదిక మీద సిద్ధమైన ఫలితాన్ని చూసేవాడు. 1893లో ఆయన పోయాక ఆ మూడు దశల సిద్ధాంతం ఎంతో కాలం నిలవలేదు. స్టేజి మీద ఒకే డెమో సబ్జెక్టును పదేపదే వాడే ట్రైనర్ దగ్గర మీరు నేర్చుకునేది ఆ సబ్జెక్టు గురించే, హిప్నాసిస్ గురించి కాదు.

ఎవరికి నేర్పాలి అన్న తగాదా బహిరంగంగా తేలింది 1889 ఆగస్టులో, పారిస్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ హిప్నాటిజం మహాసభలో. జెనీవా డాక్టర్ లాదామ్ స్టేజి ప్రదర్శనలు నిషేధించాలి, ఇది డాక్టర్ల చేతిలోనే ఉండాలి అన్నాడు. బెల్జియం ప్రొఫెసర్ డెల్బెఫ్ లేచి, డాక్టర్లకు అసలు ఇది నేర్పిందే స్టేజి వాళ్ళు కదా, ఇప్పుడు వాళ్ళనే గెంటేస్తారా అన్న ధోరణిలో వాదించాడు. నిజమే, "హిప్నాటిజం" అనే మాటను వాడుకలోకి తెచ్చిన సర్జన్ జేమ్స్ బ్రెయిడ్‌కు మాంచెస్టర్‌లో 1841లో ఆసక్తి పుట్టింది లఫొంతేన్ అనే ప్రదర్శకుడి షో చూశాకే. సభ మాత్రం డాక్టర్ల వైపే మొగ్గింది. రెండేళ్ళకు బెరియోన్ అనే డాక్టరు పారిస్‌లో మెడిసిన్, లా విద్యార్థుల కోసం ఒక సంస్థ పెట్టాడు. పాఠాలు, క్లినిక్ ఒకే చోట. స్కూల్ అనే మాటకు నాన్సీ కంటే అదే దగ్గర.

డాక్టర్లు తలుపు వేసుకుంటే జనం కిటికీలోంచి నేర్చుకున్నారు. 1900 ప్రాంతంలో అమెరికాలో పోస్టు ద్వారా హిప్నాటిజం కోర్సుల వ్యాపారం జోరుగా సాగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి సేజ్ అనే పేరుతో నడిచినది వాటిలో ప్రసిద్ధం. భాష అచ్చం ఇప్పటి ప్రకటనల్లాగే ఉండేది: ఇంట్లో కూర్చుని నేర్చుకోండి, ఎవరినైనా ప్రభావితం చేయండి. ఆ పోస్టల్ కోర్సు కట్టినవాళ్ళలో త్రువా ఊరి మందుల షాపు యజమాని ఎమీల్ కూయె ఒకడు! ఆయన అంతకు ముందే 1880లలో లియేబోను చూసి వచ్చాడు, కానీ తృప్తి చెందలేదు. కోర్సులో పనికొచ్చేది తీసుకుని, మిగతాది వదిలి, 1910లో నాన్సీలో ఉచితంగా గుంపులకు నేర్పడం మొదలుపెట్టాడు. "ప్రతిరోజూ, అన్ని విధాలా, నేను అంతకంతకూ బాగవుతున్నాను" అని పొద్దున్న, రాత్రి ఇరవై సార్లు అనుకోవడం ఆయన చెప్పిందే. నేను ఏమీ నయం చేయను, మీకు మీరే చేసుకుంటారు అనేవాడు. కాబట్టి "పోస్టల్ కోర్సు చేసినవాడు పనికిరాడు" అని నేను అనను. కానీ కూయె వెనక లియేబో గది ఉంది, పాతికేళ్ళు కౌంటర్ దగ్గర రోగులతో మాట్లాడిన అనుభవం ఉంది.

అమెరికా కథలో నాకు నచ్చే మనిషి డేవ్ ఎల్మన్. తండ్రి స్టేజి హిప్నటిస్టు, తాను రేడియో కార్యక్రమాలు నడిపినవాడు, మెడికల్ డిగ్రీ లేదు. 1949 నుంచి ఊరూరా తిరిగి హిప్నాసిస్ పాఠాలు చెప్పాడు, అదీ డాక్టర్లకు, డెంటిస్టులకు మాత్రమే. వాళ్ళకు ఇంజెక్షన్ ముందు, పన్ను పీకే ముందు కొద్ది నిమిషాల్లో పనయ్యే పద్ధతి కావాలి; ఆయన ఇండక్షన్ (మనిషిని ట్రాన్స్‌లోకి తీసుకెళ్ళే పద్ధతి) అందుకే అంత చిన్నది. 1964లో పుస్తకం రాశాడు. ఇవాళ ఆయన ఇండక్షన్ నేర్పని స్కూల్ దాదాపు లేదు, కానీ ఆయన పెట్టుకున్న షరతు, ముందు వైద్యం తెలిసి ఉండాలి అన్నది, చాలా స్కూళ్ళు మరిచిపోయాయి.

వైద్య సంఘాలు కూడా అప్పుడే కదిలాయి. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ హిప్నాసిస్‌కు వైద్యంలో స్థానం ఉందని, డాక్టర్లకు శిక్షణ ఇవ్వాలని అన్నాయి. సైకియాట్రిస్టు మిల్టన్ ఎరిక్సన్ 1957లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ హిప్నాసిస్ పెట్టాడు. ఇంకో పక్క డాక్టర్లు కానివాళ్ళ పాయ బలపడింది. బోస్టన్‌లో నేషనల్ గిల్డ్ ఆఫ్ హిప్నటిస్ట్స్, కాలిఫోర్నియాలో గిల్ బోయ్న్ శిక్షణ సంస్థ, 1968లో లాస్ ఏంజెలెస్‌లో జాన్ కప్పాస్ పెట్టిన హిప్నాసిస్ మోటివేషన్ ఇన్‌స్టిట్యూట్. అమెరికా లేబర్ శాఖ ఉద్యోగాల నిఘంటువులో హిప్నోథెరపిస్ట్ అనే ఉద్యోగానికి నిర్వచనం రాసింది కూడా కప్పాసే అంటారు. ఆ నిర్వచనం జాగ్రత్తగా చదవండి: ప్రేరణ పెంచడం, అలవాట్లు మార్చడం అని ఉంటుంది, జబ్బులు నయం చేయడం అని ఉండదు. కాలిఫోర్నియా చట్టం కూడా లైసెన్సు లేనివాళ్ళను స్వయం అభివృద్ధి పని వరకే అనుమతిస్తుంది. వైద్యం అనాలంటే డాక్టరో, సైకాలజిస్టో, డెంటిస్టో పంపాలి.

ఈ రెండు పాయలూ ఇప్పటికీ కలవలేదు. గిల్డ్ సర్టిఫికెట్‌కు 100 గంటల కోర్సు చాలు, ముందు ఏ డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. ఎరిక్సన్ సొసైటీ అయితే ముందు మాస్టర్స్ స్థాయి చదువు, ప్రొఫెషనల్ లైసెన్సు అడుగుతుంది, ఆపైన 40 గంటల వర్క్‌షాపు, 20 గంటలు అనుభవజ్ఞుడి దగ్గర కేసుల మీద సంప్రదింపు. బ్రిటన్‌లో ఎవరైనా హిప్నోథెరపిస్ట్ అని పిలుచుకోవచ్చు, కానీ 2008లో వచ్చిన స్వచ్ఛంద రిజిస్టర్‌లో చేరాలంటే 450 గంటల చదువు, అందులో 120 గంటలు నేరుగా తరగతిలో ఉండాలి. పైపైన చూస్తే 40 గంటలది తక్కువగా అనిపిస్తుంది. దాని కింద ఏళ్ళ తరబడి క్లినికల్ చదువు ఉంది కాబట్టి సరిపోతుంది. మీకు కౌన్సెలింగ్ పీజీ ఉంది, కాబట్టి గంటల పెద్ద సంఖ్య చూసి మురిసిపోవద్దు, చిన్న సంఖ్య చూసి తీసిపారేయవద్దు. ఆ గంటల్లో ఏముందో చూడండి.

స్కూళ్ళకు అంతగా నచ్చని ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో వైట్జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ 1959లో హిప్నాసిస్‌కు ఎవరు ఎంత స్పందిస్తారో కొలిచే 12 అంశాల కొలబద్ద తయారుచేశారు. సుమారు పదిమందిలో ఒకరు చాలా బాగా స్పందిస్తారు, ఇంచుమించు అంతేమంది దాదాపు స్పందించరు, మిగతావాళ్ళు మధ్యలో. అవే మనుషులను 25 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే స్కోర్లు పెద్దగా మారలేదు. అంటే మీ ఇండక్షన్ ఎంత అద్భుతమైనదైనా, సామర్థ్యం చాలావరకు ఎదుటి మనిషిదే. ఫారియా చెప్పింది ఇదే కదా. "మా టెక్నిక్‌తో నూటికి నూరు మంది" అనే స్కూల్‌ను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు.

దీన్ని రోజూ చూస్తుంటాను. ఇంజెక్షన్ అంటే వణికిపోయే ఒకావిడను నా దగ్గరి ట్రైనీ ఒకరు వరుసగా ఇండక్షన్లు మార్చి మార్చి ప్రయత్నించారు. ఆవిడ మర్యాదగా కళ్ళు మూసుకుని కూర్చుంది, అంతే. స్పందన తక్కువ అని తేలాక, సిరంజి బొమ్మతో మొదలుపెట్టి మెల్లమెల్లగా అలవాటు చేసే మామూలు పద్ధతికి మారాం, పని జరిగింది. హిప్నాసిస్ ఒక్కటే నేర్చుకున్న మనిషికి ఆ రెండో దారి చేతిలో ఉండదు. అలాగే ఇంకో ట్రైనీ స్క్రిప్టు చదువుతుండగా క్లయింట్ కళ్ళు మూసుకునే ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె చదవడం ఆపి, "ఇప్పుడు ఏం జరుగుతోంది?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెకు హిప్నోథెరపీ స్కూల్ నేర్పలేదు, కౌన్సెలింగ్ చదువు నేర్పింది.

పనిచేసే చోట ఇది బాగా పనిచేస్తుంది, అనుమానం వద్దు. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ 1984లో ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వదలని పేగుల సమస్య) మీద 30 మంది మొండి కేసులతో చేసిన అధ్యయనం దాని తర్వాత వచ్చినవాటికి దారి వేసింది. 2008లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో, మందులతో ఏడాదైనా తగ్గనివాళ్ళకు ఆలోచించదగ్గ చికిత్సల్లో హిప్నోథెరపీ పేరు చేరింది. అక్కడ నేర్పేవాళ్ళు పేగుల డాక్టర్ల పక్కనే కూర్చుని నేర్పారు. నాన్సీ పద్ధతికి నిజమైన వారసులు వాళ్ళే అంటాను.

కాబట్టి మీ స్కూల్‌ను నేను అడిగే ప్రశ్నలు ఇవి. కోర్సులో నిజమైన క్లయింట్ల ముందు, ఎవరైనా పక్కన ఉండగా ఎన్ని సెషన్లు చేస్తాను? తోటి విద్యార్థుల మీద ప్రాక్టీసు లెక్కలోకి రాదు, వాళ్ళు సహకరించడానికే కూర్చుంటారు. నా సెషన్ రికార్డింగు విని తప్పులు చెప్పేది ఎవరు, ఆయనకు క్లినిక్‌లో రోజూ రోగులు ఉన్నారా, లేక శిక్షణే ఆయన వృత్తా? పనిచేయని కేసులు క్లాసులో చూపిస్తారా? సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక జబ్బు), తీవ్రమైన డిప్రెషన్ ఉన్న మనిషి వస్తే ఎవరి దగ్గరికి పంపాలో నేర్పుతారా? ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు, చరిత్ర, సిద్ధాంతం అలా చదువుకోవచ్చు. ఈ నాలుగింటికి మాత్రం స్క్రీన్ సరిపోదు. సమాధానాలు ఫోన్‌లో కాకుండా రాసివ్వమనండి.

చివరిగా, సిలబస్‌లో "రిగ్రెషన్" అనే మాడ్యూల్ ఉంటే ఆగి చూడండి. మరిచిపోయిన బాల్య జ్ఞాపకాలు, గత జన్మలు బయటకు తీస్తామనే క్లాసులకు గిరాకీ ఎక్కువ, చాలా స్కూళ్ళు వాటితోనే బతుకుతాయి. ట్రాన్స్‌లో వచ్చే జ్ఞాపకం నిజమైనదో, అప్పటికప్పుడు మనసు అల్లిందో ఆ మనిషికి కూడా తెలియదు, పైగా అది నిజమే అన్న నమ్మకం మాత్రం బలపడుతుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1982లోనే హిప్నాసిస్ చేయించుకున్నాక గుర్తొచ్చినవాటి మీద సాక్ష్యాన్ని కాదంది. 1985లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నివేదిక కూడా అలాంటి జ్ఞాపకాలు మామూలువాటికంటే నమ్మదగినవి కావని చెప్పింది. నా దగ్గరికి ఒకాయన వేరేచోట ఇలాంటి సెషన్ చేయించుకుని, చిన్నప్పుడు తనకేదో జరిగిందని తేలిందంటూ సొంత అన్నతో మాటలు మానేసి వచ్చాడు. ఆ సంఘటన జరిగిందని చెప్పిన ఏడాది అన్న ఆ ఊళ్ళోనే లేడని తర్వాత బంధువులు చెప్పారు, అయినా ఆయన మనసులోని బొమ్మ చెరగలేదు. ఆ మాడ్యూల్ ఉన్న స్కూల్ అయితే ఈ కోర్టు తీర్పు, ఈ నివేదిక కూడా అదే క్లాసులో చెబుతారా అని అడగండి. చెప్పం అంటే ఆ మాడ్యూల్‌కు విడిగా కట్టాల్సిన డబ్బు మిగుల్చుకుని సూపర్‌విజన్‌కు పెట్టండి.